ఈరమ్మ నాటని కంప

అనగా అనగా, ఈ గుట్టలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో, ఒక ఊళ్ళో చౌడక్క అని ఒక పిల్ల ఉండేది. ఇరవై రెండేళ్ళు. నడుస్తున్నంతసేపూ నోట్లో ఏదో ఒక కాయ నములుతూ ఉండేది.

ఇరవై రెండేళ్ళకు పిల్లేమిటి, పెళ్ళయింది కదా అనకండి. అత్త కంటికి పిల్లే. ఆ అత్త సంగతి ముందుంది, తొందరపడకండి.

ఏం కాయలంటే, దొరికినవి. జమ్మికాయ దొరికితే జమ్మికాయ, సీమచింత దొరికితే సీమచింత. నల్లతుమ్మ కాయ నమిలితే నోరు పిడచ కట్టుకుపోతుంది, మనుషులు తినరు, అదీ నమిలేది. ఇవన్నీ ఒక తల్లి కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళే. కంది, చిక్కుడు, చింత, జమ్మి, తుమ్మ. కాయ చీల్చి చూడండి, లోపల గింజలు బళ్ళో పిల్లల్లా వరసగా కూర్చుని ఉంటాయి. ఒకతె కూరకొస్తుంది, ఒకతె పప్పుకొస్తుంది, ఒకతె ముళ్ళతో పుడుతుంది. ఏ ఇంట్లోనైనా అంతే.

ఊ కొడుతున్నారా? నీలా, నీది వినిపిస్తోంది. సూరిగాడు కళ్ళు మూసుకుని కొడుతున్నాడు, వాడి ఊ చెల్లదు.

చౌడక్కను గొర్రెలవాళ్ళింటికి ఇచ్చారు. మొగుడు కాటమయ్య, అత్త ఈరమ్మ, రెండొందల గొర్రెలు. పుట్టింటివాళ్ళు పంపేటప్పుడు చెప్పి పంపారట, అత్తంటే పులి, చూసుకుని మసలుకోమని. చౌడక్క వణుకుతూ వచ్చింది. మొదటి రోజు సిగ్గుపడి అన్నం సరిగ్గా తినలేదు. సాయంత్రానికి కడుపులో ఎలకలు. అడగడానికి నోరు రాలేదు. ఈరమ్మకు అప్పటికే చూపు మందం, మనిషి నీడలాగా కనిపించేది తప్ప మొహం తెలిసేది కాదు. అయినా కోడలు గుటకలు మింగడం వినిపించింది. పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టె కొట్టి, వేడివేడిగా చేతిలో పెట్టింది. పులి రొట్టె చేసి పెట్టిందని చౌడక్క ఆ రాత్రి నవ్వుకుంటూ పడుకుంది. తర్వాత్తర్వాత కోడలి నమిలే అలవాటు పసిగట్టి ఈరమ్మ కొంగుముడిలో రెండు సీమచింతకాయలు ఎప్పుడూ కట్టుకుని ఉండేది. దొంగచాటుగా ఇచ్చేది. ఎందుకు దొంగచాటుగా అంటే, కోడలిని ముద్దు చేస్తున్న అత్తను చూస్తే ఊళ్ళో మిగిలిన అత్తలు ఊరుకోరు. ఆచారం చెడిపోతుందంటారు.

సరే, ఇప్పుడు వాళ్ళ పని చెప్పాలి. ఎండాకాలం రాగానే రైతులు కాటమయ్య గుమ్మం ముందు క్యూ కట్టేవారు, నా చేలో మంద కట్టు, ముందు నా చేలో మంద కట్టు అని. మంద కట్టడమంటే, సందె పడ్డాక గొర్రెలన్నిటినీ ఒక చేలోకి తోలి, చుట్టూ తడికెలు నిలబెట్టి, కర్రమేకుల్లాంటి గూటాలు కొట్టి, అక్కడే పడుకోబెడతారు. తెల్లారేసరికి చేనంతా పెంటికలు. మర్నాడు తడికెలు పీకి పక్కకు జరుపుతారు. అలా ఒక చేను మొత్తం తిరిగొస్తే ఆ ఏడు జొన్న మనిషి తల దాటి నిలబడుతుంది. బదులుగా రైతు ఇంత ధాన్యం కొలిచేవాడు.

మంద లేచిపోయాక తెల్లవారుజామున ఈరమ్మ ఆ చేలోకి వెళ్ళేది. చేతికర్రతో నేల తడుముతూ నడిచేది. టక్కు టక్కు, ఆగి వంగి, మళ్ళీ టక్కు టక్కు. మరిచిపోయిన గూటాలు వెతకడానికి. గూటం నేలలో ఉండిపోతే దుక్కి దున్నే ఎద్దు కాలికి దిగుతుంది కదా. ఆమె కళ్ళకు కనపడదు, కర్రకు తెలుస్తుంది. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఊళ్ళో ఎద్దు కుంటలేదు. అందుకు ఆమెకెవరూ దండం పెట్టలేదు, అది వేరే సంగతి. కుంటని ఎద్దు ఎవరికి కనిపిస్తుంది?

ఇక రాజు. రాజు లేకపోతే కథెలా అవుతుంది?

ఆ ఊరికి కోసు దూరంలో ఒక మట్టికోట ఉంది. అందులో ఒక రాజు. చెడ్డవాడేం కాదు, కొత్తది ఏది చూసినా మనసు పడే రకం. ఒక ఏడాది కరువొచ్చి చెట్టూచేమా ఎండిపోయినప్పుడు ఒక దూరదేశపు వర్తకుడొచ్చాడు. చిన్న సంచీ విప్పి గుప్పెడు గింజలు చూపించాడు. దొరవారూ, ఈ చెట్టుకు నీళ్ళక్కర్లేదు, కాపలా అక్కర్లేదు, ఆకు ఏ పశువూ ముట్టదు, కోట చుట్టూ వేస్తే పిల్లి కూడా దూరలేని కంచె అవుతుంది అన్నాడట. రాజు మురిసిపోయాడు. నీళ్ళడగదు, తిండడగదు, నా జనం కంటే ఇదే నయం అన్నాడట. వేయించాడు. అవి పెరిగాయి. రెండేళ్ళకు కోట చుట్టూ పచ్చగా, దట్టంగా, వేలెడు ముళ్ళతో కంప. అదే, మన రోడ్డు పక్కన ఉంటుంది చూడండి సర్కారు తుమ్మ, అదే. జమ్మికి దూరపు చుట్టం. పై దేశం నుంచి వచ్చిన చుట్టం. వచ్చిన చుట్టం వారం ఉండి పోతుందా, చాప పరుచుకుంటుందా అన్నది రాజు అడగలేదు.

మూడో ఏడు కంప కాసింది. పసుపుపచ్చని కాయలు, తియ్యగా. ఎండాకాలంలో గడ్డిపరక లేనప్పుడు కోట చుట్టూ రాలిన కాయలు గొర్రెలకు పండగ. రాజు తినమన్నాడు. కాటమయ్య రోజూ మందను అటే తోలాడు. గొర్రెలు నిగనిగలాడాయి. సాయంత్రం మంద ఊళ్ళోకి రావడం, నారప్ప చేలో కట్టడం. నారప్ప అంటే ఊరిపెద్ద. పెద్ద కదా, ఎక్కువ రోజులు ఆయన చేలోనే.

తొలకరి పడింది. నారప్ప చేలో జొన్నతో పాటు ఇంకేదో మొలిచింది. రెండాకులు, ముద్దుగా. ఏ పప్పుమొక్కో అనుకున్నారు. నెలకు ముల్లొచ్చింది. పీకబోతే రాలేదు, పైన జానెడుంటే కింద వేరు మూరెడు. కొడితే ఒకటి పోయి నాలుగొచ్చాయి. ఎద్దుల కాళ్ళు, మనుషుల కాళ్ళు, కలుపు తీసే ఆడవాళ్ళ చేతులు, అన్నీ చిల్లులే. ఆ తర్వాత బోయోళ్ళ చేలో, ఆ తర్వాత వంకదరి చేలో. ఎవరు మంచి ఎరువు వేయించుకున్నారో వాళ్ళకే కంప. వేయించుకోని వాళ్ళ చేను శుభ్రంగా ఉంది, పంట లేదు అంతే.

మీరైతే ఏమనుకుంటారు? నీలా ఏదో చెప్పబోతోంది, చెప్పకు, ఇంకా టైముంది.

ఊరంతా కూర్చుని ఆలోచించింది. గాలికొస్తే అందరి చేలల్లోనూ రావాలి. వానకొస్తే వంక పక్కనే రావాలి. ఇది ఎవరో నాటుతున్నారు. ఎవరు? తెల్లవారకముందే ఆ చేలల్లో తిరిగేది ఎవరు? కర్రతో నేల పొడిచేది ఎవరు? పొడిచి, వంగి, మళ్ళీ పొడిచేది ఎవరు?

చూశారా, ఎంత చక్కగా కుదిరిందో. కాలికి ముల్లు దిగితే మన ఊళ్ళల్లో మొదట వెతికేది ముసలామెను. అందులోనూ మొగుడు పోయిన ముసలామె దొరికితే ఇక వేరే వెతకరు.

ఈరమ్మ మీద కంపదయ్యం ఎక్కిందన్నారు. ఆమె పొడిచిన చోట ముల్లు మొలుస్తుందన్నారు. నారప్ప అరుగు మీద పంచాయితీ పెట్టి, ఏడాది పాటు ఈరమ్మ గడప దాటకూడదని తీర్మానించారు. కాటమయ్య అక్కడే నిలబడి తన కాలిబొటనవేలు చూసుకున్నాడు. మంచివాడే పాపం. మంచితనం వేరు, నోరుండడం వేరు. ఇంటికొచ్చాక చౌడక్క అడిగితే, ఊరంతా ఒక మాట మీదుంటే నేనొక్కణ్ణీ ఏం చేసేదన్నాడు. చౌడక్క ఆ పూట రొట్టె పెట్టింది, కారం పెట్టలేదు.

ఏడాది. ముప్పై ఏళ్ళు పొద్దుపొడుపుకు ముందే నడిచిన మనిషి ఏడాది ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో తెలుసా? కాళ్ళు వాస్తాయి. రాత్రిళ్ళు నిద్రలో కూడా కాళ్ళు ఆడిస్తూ ఉండేది. చౌడక్క చూసి చూసి ఒక ఉపాయం చేసింది. మంద వెంట వెళ్ళినప్పుడు ఒక్కో చేను నుంచి గుప్పెడు మట్టి కొంగులో కట్టి తెచ్చేది. ఈరమ్మ ముక్కు దగ్గర పట్టుకుని చెప్పేది, ఇది వంకదరిది, ఇది నారప్పది, ఇది మా మామ పండించినప్పటి చవుడు మడి. ఒక్కటీ తప్పేది కాదు. చౌడక్క కావాలని రెండు మట్టులు కలిపి తెస్తే, మే, నన్ను ఆడిస్తావా అని నవ్వేది. అలా గడిపారు ఆ ఏడాది ఇద్దరూ, మట్టి వాసన చూసుకుంటూ.

మళ్ళీ తొలకరి పడింది. మళ్ళీ కంప మొలిచింది. నిరుటికి మూడింతలు.

ఇప్పుడు బుద్ధున్నవాడు ఏమనాలి? ఈరమ్మ గడప దాటలేదు, కంప మొలిచింది, కాబట్టి ఈరమ్మ కాదు అనాలి. ఊరేమన్నదో తెలుసా? చూశారా, ఇంట్లో కూర్చునే మొలిపించింది, దయ్యం బలిసింది అన్నది. నవ్వకండి. ఒక ఆడమనిషి తప్పు చేసిందని ఒకసారి తేల్చాక, చేయలేదని తేలడం కూడా సాక్ష్యమే అవుతుంది.

రాజు దగ్గరికి పోయారు. రాజు విన్నాడు, జాలిపడ్డాడు, తీర్పు చెప్పాడు. అమావాస్య నాటికి ఈరమ్మ ఊరి పొలిమేర దాటిపోవాలి. మళ్ళీ రాకూడదు. అమావాస్యకు పదిహేను రోజులుంది. పొలిమేర అవతల ఏముంది? గుట్టలు, నక్కలు. చూపు లేని మనిషి ఎన్ని రోజులు బతుకుతుంది? ఆ లెక్క అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

చౌడక్కకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. మర్నాడు మంద వెంట కోట వైపు పోతూ ఆ కోపంలో ఏం నములుతున్నదీ చూసుకోలేదు. కంపకాయ. తియ్యగానే ఉంది. కటుక్కున ఒక గింజ పంటికింద పడింది. పన్ను జివ్వుమంది. గింజకు గాటు కూడా పడలేదు. ఉమ్మేసి నడవబోయింది. ఆగింది. నా పన్నుకే విరగని గింజ, గొర్రె పన్నుకు విరుగుతుందా అనుకుంది. పక్కనే గొర్రెలు కాయలు కరకరా మేస్తున్నాయి. తియ్యదనం నమిలి గింజ మింగేస్తున్నాయి.

వెనక్కి వచ్చి, రాత్రి మంద కట్టిన బీడు చేలో కూర్చుని పెంటికలు విరిచింది. ఒకటి, ఖాళీ. రెండు, ఖాళీ. మూడోదాంట్లో గింజ. నున్నగా, కడిగినట్టు. ఇంకో దాంట్లో ఇంకోటి. అప్పుడు ఆమెకు దారం మొదలు దొరికింది, లాగుతూ పోయింది:

రాజు చేతి గింజ చెట్టాయె,
చెట్టు మీద పువ్వు కాయాయె,
కాయ పోయి గొర్రెకు మేతాయె,
మేత పోయి మందలో పెంటికాయె,
పెంటిక పోయి చేలో ఎరువాయె,
ఎరువు పోయి ఇంతెత్తు కంపాయె.

ఇంతే. ఇందులో ఈరమ్మ ఎక్కడుంది? వెతకండి. ఎక్కడా లేదు.

పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి పెంటిక అత్త చేతిలో పెట్టింది. ఈరమ్మ వేళ్ళతో విరిచింది, గింజ తడిమింది. చౌడక్క ఆమె సంతోషిస్తుందనుకుంది. ఈరమ్మ గింజను మళ్ళీ చౌడక్క గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూసింది.

ఎవరికీ చెప్పొద్దంది. ఎందుకు చెప్పొద్దంటే, ఇది తెలిస్తే ఊరు మందను బతకనివ్వదు. కొట్టుకుతింటారు, లేకపోతే తోలేస్తారు. మంద పోతే కొడుకూ కోడలూ ఏం తిని బతుకుతారు? నాదేముంది, అయిపోయిన మనిషిని, పొలిమేర ఇవతలైనా అవే రాళ్ళు, అవతలైనా అవే రాళ్ళు అంది. కంప నేనే నాటానని ఒప్పుకుంటాను, గొర్రెలు మిగులుతాయి అని, ఏదో పెళ్ళిపనులు పంచుతున్నంత తేలిగ్గా చెప్పింది.

చౌడక్క అప్పుడు అత్త మోకాళ్ళ మీద తల పెట్టి ఒకే మాటంది.

"గొర్రెలు పోతే గొర్రెలు పుడతాయత్తా. నువ్వు పుడతావా?"

ఈరమ్మ ఆమె తల నిమిరింది. నీ జుట్టులో కంపాకులున్నాయి మే అంది.

నీలా, ఏడవకు. నేను చెప్పే కథల్లో ముసలమ్మలు కథ మధ్యలో చావరు. నేనే ముసలమ్మను కదా.

కానీ చౌడక్కకు అత్తా కావాలి, మందా కావాలి. ఒకటి దక్కించుకోవాలంటే ఇంకొకటి వదులుకోమంటుంది లోకం, ఆడవాళ్ళను మరీనూ. ఆమె ఆలోచించింది. గింజ బతికి బయటికొస్తేనే కదా మొలిచేది? లోపలికి పోకముందే చంపేస్తే? పెరట్లో రెండు గొర్రెలను కట్టేసింది, ఒక నల్లది, ఒక బొల్లిది. నల్లదానికి కాయలు ఉన్నవున్నట్టు పెట్టింది. బొల్లిదానికి అవే కాయలు ఎండబెట్టి, రోట్లో దంచి, తిరగలిలో విసిరి, పిండి చేసి పెట్టింది. దంచుతుంటే చేతులు బొబ్బలెక్కాయి. ఈరమ్మ రెండో రోకలి అందుకుంది. కళ్ళు లేకపోతేనేం, రోలెక్కడుందో చేతులకు తెలుసు. హుస్సు అని ఒకరు, హుస్సు అని ఇంకొకరు.

రెండు గంపల్లో మట్టి పోసి, ఒకదాంట్లో నల్లదాని పెంటికలు, ఒకదాంట్లో బొల్లిదాని పెంటికలు కలిపి నీళ్ళు చల్లింది. రోజూ చూసేది. ఒకరోజు లేదు, రెండో రోజు లేదు, మూడో రోజు లేదు. అమావాస్య దగ్గరికొస్తోంది. ఆరో రోజు పొద్దున నల్లదాని గంపలో మట్టి పగిలి పచ్చగా తలలెత్తాయి. బొల్లిదాని గంప బోడిగా ఉంది. మర్నాడూ బోడే. ఆ మర్నాడూ బోడే.

ఇక చాలు కదా, పోయి చూపించొచ్చు కదా అంటారు మీరు. చౌడక్క మీకంటే తెలివైనది. గొర్రెలమ్మాయి పోయి, దొరా, తప్పు నీ గింజదీ అంటే, రాజు ఒప్పుకుంటాడా? తప్పు నీ గొర్రెదీ అంటాడు. మంద పోతుంది, అత్తా పోతుంది. గొర్రెలు పోనిచోట, ఈరమ్మ అడుగు పెట్టనిచోట ఈ కంప మొలిచి ఉండాలి. ఎక్కడ? కాయలు తినేది గొర్రెలొక్కటేనా? కోట పక్కన కాయలు రాలితే కోటలో గుర్రాలు ఊరుకుంటాయా? మరి గుర్రపు లద్దె ఎక్కడికి పోతుంది?

ఆ లద్దె రాణిగారి పూలతోటకు పోతుందని కోటలో పాలు పోసే ఆమె చెప్పింది.

అమావాస్యకు రెండు రోజులుందనగా చౌడక్క ఒక కొత్త గొంగళి భుజాన వేసుకుని కోటకు పోయింది, అమ్మడానికన్నట్టు. రాణి వాకిట్లో కూర్చుని ఉంది. చల్లటి మనిషి, మాట తక్కువ. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఉంది, అంత ఉక్కలో. గొంగళి బాగుందంది, కానీ చెయ్యి బయటపెట్టి తడమలేదు. చౌడక్క ఇంకాస్త దగ్గరగా జరిపింది. ఎంత రాణి అయినా కొత్త గొంగళి మెత్తదనం చూడకుండా ఉండగలదా? చెయ్యి బయటికొచ్చింది. వేళ్ళ కొసలన్నీ గీతలు, చుక్కలు చుక్కలుగా ఎండిన నెత్తురు. కలుపు తీసే ఆడవాళ్ళ వేళ్ళు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి.

"కంపేనా తల్లీ?" అంది చౌడక్క మెల్లిగా.

రాణి దాసీలను పంపేసింది. పంపేసి, అప్పుడు చెప్పింది. రెండేళ్ళుగా తోటలో కంప మొలుస్తోంది. మల్లెపాదుల్లో, బంతిమడిలో. దాసీలు లేవకముందే లేచి తానే పీకి గోతిలో కప్పెడుతోంది. ఎందుకు దాచావు తల్లీ అంటే, రాణి తలొంచుకుంది. పెళ్ళయి పన్నెండేళ్ళయినా కడుపు పండలేదు. గొడ్రాలి కాలు పడ్డచోట పచ్చన ఉండదని అత్తగారు పోయేదాకా అంటూనే ఉంది. ఇప్పుడు తోటలో ముళ్ళు మొలిచాయంటే ఏమంటారు? ఈరమ్మను దయ్యమన్నారని విన్న రోజు నుంచీ నిద్ర పట్టడం లేదని చెప్పింది. ఆమెను పంపించేస్తారని తెలిసీ నోరు విప్పలేదు, తర్వాతి వంతు నాదేమోనని అంది.

చూశారా? గడప లోపల ఈరమ్మ, కోట లోపల రాణి. ఇద్దరికీ ఒకే ముల్లు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

చౌడక్క రాణి వేళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని, విరిగిన ముళ్ళ కొసలు ఒక్కొక్కటే తీసింది. తీస్తూ గింజ కథ మొత్తం చెప్పింది. గింజ చెట్టాయె, చెట్టు కాయాయె, కాయ గుర్రానికి మేతాయె, మేత లద్దె ఆయె, లద్దె తోటాయె. రాణి విని చాలాసేపు తన చేతులే చూసుకుంది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. గొంగళి మాత్రం ఉంచుకుంది.

అమావాస్య వచ్చింది.

కోటగుమ్మం ముందు ఊరంతా చేరింది. ఈరమ్మ మూట కట్టుకుని కర్ర పట్టుకుని నిలబడింది. మూటలో ఒక చీర, ఒక ముంత. చౌడక్క రెండు గంపలు తెచ్చి రాజు ముందు పెట్టింది. పెంటిక విరిచి గింజ చూపించింది. మొలిచిన గంప, మొలవని గంప చూపించింది. దంచి పెడితే మొలవదని చెప్పింది. నారప్ప మీసం దువ్వుకుని, మా తాతల నాటి నుంచీ మంద కడుతున్నాం, ఎన్నడూ లేని కంప ఇప్పుడే ఎందుకొచ్చింది, అత్తను కాపాడుకోవడానికి పెంటికల పురాణం చెబుతోందన్నాడు. జనం నవ్వారు.

"మీ తాతల నాడు ఈ కాయ లేదు కదా నారప్ప మామా," అంది చౌడక్క.

నవ్వు ఆగింది. ఆగి, అందరి కళ్ళూ కోట చుట్టూ ఉన్న కంప మీదకు పోయి, అక్కడి నుంచి రాజు మీదకు పోయి, చటుక్కున నేల మీదకు దిగాయి. రాజు మొహం నల్లబడింది. అయితే తప్పు నాదంటావా అన్నాడు. కాటమయ్య వెనక నుంచి పెళ్ళాం కొంగు లాగాడు. చౌడక్క కొంగు విడిపించుకుంది. తప్పు ఎవరిదని నేనడగలేదు దొరా, ఎవరిది కాదో చెబుతున్నానంది. రాజుకు ఆ తేడా పట్టలేదు. మందను జప్తు చేయండి, ముసలిదాన్ని పొలిమేర దాటించండి అనడానికి చెయ్యెత్తాడు.

అప్పుడు లోపలి నుంచి రాణి వచ్చింది. తెర వెనక నిలబడలేదు, తెర దాటి వచ్చింది. వచ్చి, కొంగు తీసి, రెండు చేతులూ రాజు మొహం ముందు చాచింది.

"నా తోటలో రెండేళ్ళుగా కంప మొలుస్తోంది. నేనే పీకుతున్నాను. ఈరమ్మ నా తోటకు ఎప్పుడూ రాలేదు. మీ గుర్రాల లద్దె వచ్చింది."

రాజు ఆ చేతులు చూశాడు. ఎన్నేళ్ళయిందో ఆయన ఆ చేతులు చూసి. చూస్తూ చూస్తూ ఎత్తిన చెయ్యి దించాడు. ఈరమ్మను దయ్యమనడానికి వంద నోళ్ళున్నాయి, రాణిని అనడానికి ఒక్కటి రాలేదు. రాజు కాసేపటికి మెల్లిగా రాణినడిగాడట, నాకెందుకు చెప్పలేదని. మీరు తీర్పు చెబుతారని భయమేసింది అందట.

అంతకన్నా రాజుకు తగిలిన దెబ్బ ఇంకోటి లేదు. కంపముల్లు కూడా అంత లోతుకు దిగదు.

ఆయన గద్దె దిగి, ఈరమ్మ మూట తానే అందుకుని కిందపెట్టి, ఇంటికి పో అవ్వా అన్నాడు. ఈరమ్మ, మరి గూటాల సంగతేంటి, ఏడాదిగా ఎవరూ ఏరలేదు, ఎద్దులు కుంటుతాయి, రేపటి నుంచి పోవచ్చా అని అడిగింది. పొమ్మన్నాడు.

ఇక చాటింపు. కాయలు రాలకముందే ఏరాలి, దంచకుండా ఏ పశువుకూ పెట్టకూడదు. ఎవరు దంచాలి అన్నది వచ్చింది. ఆడవాళ్ళు దంచుతార్లే అన్నాడు నారప్ప. రాణి రాజు వైపు చూసింది. ఎవరి చేలో మంద కడితే ఆ చేను ఆసామే దంచాలని చాటింపులో కలిపారు. నారప్పకు రోకలి పట్టుకోవడం రాదు. మొదటి రోజు మీసాల నిండా పిండి. చూడ్డానికి ఊళ్ళో ఆడవాళ్ళందరూ పని మానుకుని వచ్చారు. ఈరమ్మ కూడా వచ్చింది. ఆమెకు కనపడదు కదా, పక్కనవాళ్ళు చెబుతుంటే వింటూ నవ్వింది. కాటమయ్య కూడా దంచాడు. అరచేతులు బొబ్బలెక్కితే చౌడక్క నూనె రాసింది. అప్పుడొకసారి అమ్మ దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఆమె వాడి చెయ్యి తడిమి, దంచేటప్పుడు పిడి మరీ బిగించకు నాయనా అంది.

రాజు తన గుర్రాలకు తానే దంచాడని కొందరంటారు. నేను చూడలేదు.

కంప పోయిందా అంటే, పోలేదు. వచ్చిన చుట్టం చాప పరిచేసింది కదా. కానీ కొత్త చేలల్లోకి రాలేదు. ఉన్నదాన్ని కొట్టి పొయ్యిలోకి, బొగ్గుకు, దొడ్డికి తడికెలకు వాడుకున్నారు. మిగిలిన పిండిలో జొన్నపిండి కలిపి ఈరమ్మ రొట్టెలు కొట్టింది, కాస్త తియ్యగా ఉన్నాయి. రాణి కోరి తెప్పించుకుని తిన్నది. తర్వాత రాణికి పిల్లలు పుట్టారా అని అడక్కండి. పుట్టలేదు. అయినా తోట పచ్చగానే ఉంది, ఆమె హాయిగానే ఉంది. అందరూ హాయిగానే ఉన్నారు.

కాబట్టి బిడ్డల్లారా, కాలికి ముల్లు దిగితే కాలి కింద చూడండి. పక్కింటి ముసలమ్మ మొహం చూడకండి.

కథ కంచి దారి పట్టింది, చెప్పులేసుకుని జాగ్రత్తగా పొమ్మన్నాను. మీరు దుప్పటి దారి పట్టండి.

ఏంటి నీలా? చౌడక్క తర్వాత ఏం చేసిందా? పదకొండేళ్ళకు ఈరమ్మ పోయింది. పాడె ముందుకొమ్ము చౌడక్క పట్టింది. కాటమయ్య వెనక నడిచాడు.